పడిందా, పడేశారా? – రోదసి చెత్త, సాహిత్యంలో ఆకాశం

తెలుగులో ‘పడు’ అనే క్రియ ఒకటి, ‘పడవేయు’ అనే క్రియ ఒకటి వున్నాయి. మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం. వాన పడుతుంది, పిడుగు పడుతుంది, తాటిపండు పడుతుంది. వీటికి వ్యాకరణంలో కర్త వున్నా లోకంలో బాధ్యుడు లేడు. నడిచే దారిలో అరటితొక్క వుంటే మాత్రం ‘పడింది’ అని వూరుకోం. ఎవడు పడేశాడని అడుగుతాం. 1979లో అమెరికావారి స్కైలాబ్ విషయంలో మన జనం నోట వినిపించింది మొదటి క్రియే. ‘స్కైలాబ్ పడుతుందట.’ నాలుగున్నర దశాబ్దాలు దాటినా రోదసి నుంచి రాలే లోహపు ముక్కల గురించి మనం ఆ క్రియతోనే మాట్లాడుతున్నాం. ఈ వ్యాకరణం వెనక ఒక రాజకీయం వుంది. దాన్ని విప్పి చూపటం ఈ వ్యాసం పని.

సాహిత్య పత్రికలో రోదసి చెత్త ప్రస్తావన ఎందుకని మిత్రులు అడగవచ్చు. వూళ్ళో డ్రెయిన్లలో పూడిక తీసే దిక్కు లేదు, ఆకాశంలో చెత్త గురించి మనకెందుకని రావులపాలెంలో ఒక మిత్రుడు నన్ను అడగనే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఐతే ఈ రెండు చెత్తలూ వేరు వేరు కావని, ఒకే సామాజిక సూత్రం రెండింటినీ పుట్టిస్తున్నదని నా అభిప్రాయం. అందరిదీ అయినదాన్ని కొందరు వాడుకోవటం, వాడి పారేసినదాన్ని అందరి నెత్తినా రుద్దటం – ఆ సూత్రం ఇదే.

స్కైలాబ్: భయానికి కర్త ఎవరు?

ముందు స్కైలాబ్ సంగతి. 1973 మే 14న అమెరికా దాన్ని కక్ష్యలో పెట్టింది. బరువు సుమారు 77 టన్నులు. మూడు బృందాలు అందులో వుండి పనిచేశాయి. చివరి బృందం 1974 ఫిబ్రవరిలో దిగివచ్చింది. ఆ తరవాత అది ఖాళీ ఇల్లు. తమ కొత్త స్పేస్ షటిల్ వెళ్ళి దాన్ని పైకి నెడుతుందని అమెరికా రోదసి సంస్థ నాసా అనుకుంది. షటిల్ ఆలస్యమైంది. ఈలోగా సూర్యుడి మీద అలజడి అంచనాలకు మించి పెరిగింది. ఆ వేడికి భూవాతావరణపు పై పొరలు ఉబ్బి స్కైలాబ్‌కు అడ్డం తగిలాయి. అది వేగం కోల్పోయి కిందికి జారింది. దాన్ని కావలసిన చోట దించే యంత్రాంగం అందులో లేదు. అంటే ఎక్కించటానికి ఖర్చు పెట్టినవారు దించటానికి ఖర్చు పెట్టలేదన్నమాట.

1979 జూలై 11న, మనకు రాత్రి వేళ, అది హిందూ మహాసముద్రం మీదా పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ పరిసరాల మీదా ముక్కలై రాలింది. చివరి గంటల్లో నాసావారు దాని తిరుగుడును మార్చి, ఉత్తర అమెరికా లాంటి జనసమ్మర్దమున్న ప్రాంతాలకు దూరంగా రాలేట్టు ప్రయత్నం చేశారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అది వానలా ‘పడలేదు’. ఎక్కడ పడకూడదో కొంతవరకైనా నిర్ణయించే చెయ్యి ఒకటి వుంది. ఆ చేతి సంగతి మన పల్లెలకు తెలియదు. తెలిసింది భయం ఒక్కటే.

ఆ రోజుల గురించి రావులపాలెం అరటి మార్కెట్టులో ఏ పెద్దాయన్ని కదిపినా ఒక కథ చెబుతాడు. ఎలాగూ పోయేవాళ్ళమేనని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నవాళ్ళ కథలు, అప్పులు తీర్చటం మానేసినవాళ్ళ కథలు, దాచుకున్నది ఖర్చు పెట్టేసినవాళ్ళ కథలు తెలుగు నేల అంతటా వున్నాయి. 2021లో ‘స్కైలాబ్’ పేరుతో వచ్చిన తెలుగు సినిమా కూడా కరీంనగర్ ప్రాంతపు పల్లెను తీసుకుని ఆ జ్ఞాపకం మీదే అల్లినది. ఈ కథలన్నింటిలోనూ నవ్వు వుంది. ఆ నవ్వు ఎవరి మీద? సమాచారం అందని పల్లెటూరి మనిషి మీద. 77 టన్నుల ఇనుమును అదుపు లేకుండా జనం నెత్తిన వదిలినవాడి మీద కాదు. మూఢ నమ్మకాన్ని విమర్శించటం అభ్యుదయ సాహిత్యం పనే. కాని ఆ రోజున పల్లెటూరివాడి భయం పూర్తిగా మూఢ నమ్మకం కాదు. ఎక్కడ పడుతుందో పంపినవాడికే కచ్చితంగా తెలియనప్పుడు భయపడటంలో కొంత వివేకమే వుంది. ఎస్పరెన్స్ స్థానిక పాలకులు చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. అది సరదాకి చేసినదే. ఐనా ఆ సరదాలో సకర్మక క్రియ వుంది.

బియ్యపు గింజంత ముక్క, బండి గుద్దినంత దెబ్బ

నెత్తిన రాలేది ఈ సమస్యలో చిన్న భాగం. రాలకుండా పైనే తిరిగేది పెద్ద భాగం. దీన్ని అర్థం చేసుకోవటానికి కాస్త భౌతికశాస్త్రం తప్పదు.

భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే వస్తువు వేగం సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు. రావులపాలెం నుంచి రాజమండ్రికి బస్సులో గంట పట్టే దారిని అది అయిదారు సెకన్లలో దాటుతుంది. గంటన్నరకొకసారి భూమిని చుట్టివస్తుంది. ఈ వేగం వున్నందువల్లనే అది కింద పడకుండా వుంది. ఈ వేగం వున్నందువల్లనే ప్రమాదకరం కూడా. రెండు వస్తువులు అడ్డదిడ్డంగా ఎదురైతే వాటి మధ్య వేగం సెకనుకు పది కిలోమీటర్ల దాకా వుంటుంది. సెంటీమీటరు మందమున్న అల్యూమినియం గోళీ బరువు గ్రామున్నర లోపే. ఆ వేగంతో తగిలితే దాని దెబ్బ టన్ను బరువున్న కారు గంటకు నలభై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో గుద్దినంత. మిల్లీమీటర్ల ముక్క, అంటే బియ్యపు గింజంతది కూడా ఉపగ్రహం పలకల్ని చిల్లు పొడుస్తుంది.

ఇలాంటివి ఎన్ని వున్నాయి? యూరప్ అంతరిక్ష సంస్థ 2025 నివేదిక ప్రకారం రాడార్లూ టెలిస్కోపులూ నిత్యం కనిపెట్టుకుని వున్న వస్తువులు సుమారు 40 వేలు. అందులో పనిచేస్తున్న ఉపగ్రహాలు సుమారు 11 వేలు. తక్కినవన్నీ చచ్చిన ఉపగ్రహాలు, ఖాళీ రాకెట్ అంచెలు, పేలుళ్ళ ముక్కలు. సెంటీమీటరుకు మించిన ముక్కలు 12 లక్షల పైన వున్నాయని అదే సంస్థ లెక్క కట్టింది. వీటిలో అత్యధికం కంటికీ రాడారుకూ దొరకనివి. 1958లో అమెరికా పంపిన వాన్‌గార్డ్–1 1964లోనే మూగబోయింది. ఇవాళ్టికీ తిరుగుతూనే వుంది.

ఎత్తును బట్టి చెత్త ఆయుష్షు మారుతుంది. మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున పలచని గాలి ఇంకా వుంటుంది గనక చెత్త నెలల్లోనో, కొద్ది సంవత్సరాల్లోనో దిగివచ్చి చాలావరకు కాలిపోతుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల దగ్గర ఆ గాలి దాదాపు లేదు. అక్కడ వదిలింది వందేళ్ళ పైబడి వుంటుంది. అంటే మన మనవళ్ళ మనవళ్ళకు మనం రాసిస్తున్న ఆస్తి అది.

గుర్రపుడెక్క

1978లో డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కోర్–పాలే అనే ఇద్దరు నాసా శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేశారు. కక్ష్యలో వస్తువులు ఒక మోతాదు మించితే అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గుద్దుకుంటే వందల ముక్కలవుతాయి. ఆ ముక్కలు మరికొన్నింటిని గుద్దుతాయి. ఆ దశ దాటాక కొత్తగా ఎవరూ ఏమీ పంపకపోయినా చెత్త దానంతటదే పెరుగుతుంది.

డెల్టాలో పుట్టినవాడికి ఈ సూత్రం అర్థం కావటానికి నాసాదాకా పోనక్కర్లేదు. మన పంట కాలువల్లో, మురుగు కాలువల్లో గుర్రపుడెక్క చేసేది సరిగ్గా ఇదే. మొదట ఎక్కడో నాలుగు దుబ్బులు కనిపిస్తాయి. ఎవరూ పట్టించుకోరు. కొద్ది రోజులకు కాలువ కనిపించదు, ఆకుపచ్చ చాప కనిపిస్తుంది. అప్పుడిక ఎవరూ తెచ్చి వెయ్యక్కర్లేదు. అదే పిల్లలు పెడుతుంది. ఎగువవాడు కాలువ వాడుకున్నాడు, శివారు రైతుకు నీరందదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తూడూ డెక్కా తీయించుకునే వీలు మనకుంది. ఆకాశపు కాలువను కట్టెయ్యటం ఎవరి వల్లా కాదు.

కెస్లర్ లెక్క కాగితం మీద మిగల్లేదు. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున, పనిచేస్తున్న ఇరిడియం–33 అనే అమెరికన్ ఉపగ్రహమూ, చచ్చిపోయిన కాస్మోస్–2251 అనే రష్యన్ ఉపగ్రహమూ గుద్దుకుని రెండు వేలకు పైగా ముక్కలయ్యాయి. అంతకు రెండేళ్ళ ముందు, 2007 జనవరి 11న, చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని క్షిపణితో తనే పేల్చింది. ఆ ఒక్క దెబ్బకు మూడు వేల పైచిలుకు ముక్కలు లెక్కకొచ్చాయి. అందులో చాలా భాగం ఇప్పటికీ పైనే వుంది.

ఎర్రజెండా, మువ్వన్నెల జెండా

ఇక్కడ మనం, అభ్యుదయ సాహిత్యంవాళ్ళం, ఒక ఇబ్బందికరమైన సంగతిని ముఖాముఖి చూడాలి. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరినప్పుడూ, 1961 ఏప్రిల్ 12న గగారిన్ భూమిని చుట్టివచ్చినప్పుడూ ప్రపంచపు శ్రామికజనం సంబరపడింది. ఆ సంబరం న్యాయమైనదే. కాని చెత్తకు జెండా రంగు లేదు. సోవియట్ యూనియన్ 1960ల చివర నుంచి ఉపగ్రహ విధ్వంసక పరీక్షలు చేసింది. 1978 జనవరిలో దాని కాస్మోస్–954 అణు రియాక్టరుతో సహా కెనడా ఉత్తర ప్రాంతంలో కూలి, రేడియోధార్మిక ముక్కల్ని చల్లింది. కెనడా అరవై లక్షల డాలర్లు అడిగితే 1981లో సోవియట్ ప్రభుత్వం ముప్పై లక్షలిచ్చింది. సామ్రాజ్యవాదం చేస్తే చెత్త, మనవాళ్ళు చేస్తే ప్రగతి అనే విమర్శ విమర్శ కాదు.

2021 నవంబర్ 15న రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్–1408ని పేల్చింది. పదిహేను వందలకు పైగా ముక్కలు లేచాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ఏడుగురూ తమ తమ నౌకల్లోకి వెళ్ళి తలుపులు బిగించుకోవలసి వచ్చింది. ఆ ఏడుగురిలో రష్యన్లు ఇద్దరు. తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన రాజా చారి మరొకడు. అక్కడికి చేరి అప్పటికి నాలుగు రోజులే. సొంత దేశపు క్షిపణి లేపిన ముక్కల నుంచి ఆ దేశపు మనుషులే తలదాచుకోవటం కన్నా ఈ వ్యవహారానికి పెద్ద వ్యాఖ్యానం అవసరం లేదు.

ఇక మన ఇంటి సంగతి. శ్రీహరికోట మన తీరంలోనే వుంది. 2001 అక్టోబర్ 22న అక్కడి నుంచి వెళ్ళిన పి.ఎస్.ఎల్.వి.–సి3 తన పని చక్కగా ముగించింది. ఐతే దాని చివరి అంచె డిసెంబర్ 19న కక్ష్యలో పేలి మూడు వందలకు పైగా ముక్కలైంది. ఆ తరవాతి రాకెట్లలో పని ముగిశాక మిగులు ఇంధనాన్ని ఖాళీ చేసే పద్ధతిని ఇస్రో తీసుకొచ్చింది. 2019 మార్చి 27న మన దేశమూ ‘మిషన్ శక్తి’ పేరుతో సొంత ఉపగ్రహాన్ని సుమారు 283 కిలోమీటర్ల ఎత్తున క్షిపణితో పేల్చింది. ముక్కలు 45 రోజుల్లో రాలిపోతాయని అప్పటి రక్షణ పరిశోధన సంస్థ అధిపతి, నెల్లూరు జిల్లావాడైన జి. సతీష్ రెడ్డి చెప్పారు. చైనా కన్నా చాలా తక్కువ ఎత్తును ఎంచుకున్నమాట నిజమే. ఎక్కువ ముక్కలు త్వరలోనే రాలిన మాటా నిజమే. కాని పేలుడు తోపుకి పైకెగిరిన కొన్ని ముక్కలు రెండేళ్ళు దాటినా తిరిగాయి. ఎన్నికల ముంగిట జరిగిన ఆ ప్రకటనలో ‘శక్తి’ అనే మాట అందరికీ వినిపించింది. ముక్కల మాట ఎందరికి వినిపించింది?

న్యాయంగా మరొకటి కూడా చెప్పాలి. ఇస్రో తన పాత ఉపగ్రహాల్ని కొన్నింటిని ఇంధనం మిగుల్చుకుని మరీ కిందికి దించుతున్నది. 2023 మార్చి 7న మేఘా–ట్రాపిక్స్‌ను పసిఫిక్ మహాసముద్రం మీదికి దించారు. 2024 ఫిబ్రవరి 14న కార్టోశాట్–2ను హిందూ మహాసముద్రం మీద కాల్చివేశారు. 2023 జూలైలో చంద్రయాన్–3 ప్రయోగాన్ని ఏదో వస్తువు అడ్డం వస్తుందన్న లెక్కతో నాలుగు సెకన్లు ఆపారు. 2030 నుంచి చెత్త మిగల్చని ప్రయోగాలే చేస్తామని 2024లో ప్రకటించారు. ఈ మాట నిలబెట్టుకుంటే అది క్షిపణితో పేల్చటం కన్నా పెద్ద శక్తి.

2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో గ్రీన్ హెడ్ దగ్గర ఒక పెద్ద లోహపు పీపా కొట్టుకొచ్చింది. అది పి.ఎస్.ఎల్.వి. మూడో అంచె భాగమై వుంటుందని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ తేల్చింది. 1979లో అమెరికా చెత్త వెళ్ళిన తీరానికే ఇప్పుడు మన చెత్తా వెళ్ళింది. అంతకు ముందు ఏడాది, 2022 ఏప్రిల్ 2 రాత్రి, తెలంగాణ సరిహద్దుకు ఆనుకున్న చంద్రాపూర్ జిల్లాలో సింధేవాహి తాలూకా పల్లెల్లో పెద్ద ఇనుప కడియమూ గుండ్రని తొట్లూ దొరికాయి. అవి చైనా రాకెట్టువని నిపుణులు గుర్తించారు. ఈసారి మన పత్రికల క్రియ? షరా మామూలే: ‘పడ్డాయి.’

ఆకాశ పోరంబోకు

రెవెన్యూ భాషలో పోరంబోకు అంటే ఎవరి పట్టాలోనూ లేని, అందరి అవసరాలకూ వున్న భూమి. చెరువుగట్టు, పశువుల బయలు, డొంకదారి. దాని చరిత్ర ప్రతి వూరికీ తెలుసు. ముందు బలమున్నవాడు వాడుకుంటాడు, తరవాత ఆక్రమిస్తాడు, పనికిరానిది తెచ్చి అక్కడ పోస్తాడు. భూమి అడిగిన పేదవాడు వచ్చేసరికి మిగిలేది చెత్తదిబ్బ.

1967 నాటి అంతర్జాతీయ ఒప్పందం రోదసిని ఏ దేశమూ సొంతం చేసుకోరాదని అంటుంది. 1972 నాటి ఒప్పందం నష్టం కలిగితే పంపిన దేశం పరిహారం చెల్లించాలంటుంది. కాని చెత్తను తియ్యాలని నిర్బంధించే అంతర్జాతీయ చట్టం లేదు. 2007లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన సూత్రాలు స్వచ్ఛందమైనవి. పైగా చచ్చిన ఉపగ్రహం కూడా పంపిన దేశం ఆస్తే. దాని అనుమతి లేనిదే మరొకరు ముట్టుకోరాదు. 1976లో భూమధ్యరేఖ మీది ఎనిమిది దేశాలు బొగోటాలో చేరి, తమ నెత్తిమీది 36 వేల కిలోమీటర్ల కక్ష్యలో తమకు హక్కుందని ప్రకటించాయి. బలవంతులు వినలేదు. ఇవాళ ఒకే ఒక ప్రైవేటు కంపెనీ 2019 నుంచి వేల సంఖ్యలో ఉపగ్రహాల్ని దిగువ కక్ష్యల్లో నింపింది. పట్టా లేకుండానే ఆక్రమణ పూర్తవుతున్నది.

మరి ఎవరు ఎత్తుతారు? మన సమాజానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. చచ్చిన గొడ్డును ఎత్తే పనిని ఒక కులం మీదా, పాకీ పనిని మరికొన్ని కులాల మీదా వేసి, ఎత్తినవాణ్ణే అంటరానివాణ్ణి చేసిన దేశం మనది. చెత్త చేసేవాడూ, చెత్త ఎత్తేవాడూ వేరైన చోట చెత్త తగ్గదు. ఎందుచేతనంటే చేసేవాడికి దాని కంపు తగలదు. రోదసిలోనూ అంతే. 1960ల నుంచి చెత్త చేసింది నాలుగైదు రాజ్యాలు. తప్పించుకునే ఇంధనం, ఖర్చు, బీమా భారం రేపు మొదటి ఉపగ్రహం పంపబోయే పేద దేశానివి. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా బతికిన యానాదుల్ని ఆ ప్రయోగ కేంద్రం కోసం కదిలించారు. రాకెట్టు ఎగిరే రోజున ఆ సముద్రంలోకి వలతో పోకూడదని జాలరులకు హెచ్చరికలు వెళతాయి. ఆకాశానికి దారి వేసినప్పుడు దారి ఇచ్చినవాళ్ళు ఎవరో మన సాహిత్యం ఇంకా సరిగా లెక్కపెట్టలేదు.

డెల్టాకు ఏమిటి నష్టం?

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన సుమారు పదివేల ప్రాణాలు తీసింది. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపానుకు వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు తీరగ్రామాలవారిని ముందే తరలించారు. ఈ తేడాకు రోడ్లూ, ఫోన్లూ, షెల్టర్లూ కారణం. రోజుల ముందు నుంచే తుపానును కనిపెట్టి చూసే ఉపగ్రహాలూ కారణం.

అంతర్వేదిలోనో ఓడలరేవులోనో పడవ కట్టుకున్న జాలరికి చేపలు దొరికే చోటు గురించి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, సలహాలు పంపుతుంది. సముద్రపు రంగునూ వేడినీ ఉపగ్రహాలు కొలిచి పంపితేనే ఆ సలహా తయారవుతుంది. 2022 నవంబర్ 26న వెళ్ళిన ఓషన్‌శాట్ తిరిగేది సుమారు 740 కిలోమీటర్ల ఎత్తున. అంటే పేలిన ముక్కలు దట్టంగా తిరిగే మెట్టలోనే. ఎవరి క్షిపణో లేపిన గోళీకాయంత ముక్క దాన్ని గుద్దితే డీజిలు ఖర్చు పెరిగేది ఓడలరేవు జాలరికి. నా మిత్రుడి ప్రశ్నకు నా సమాధానం ఇది. వూరి డ్రెయినూ ఆకాశమూ ఒకే మనిషి బతుకులో కలుస్తున్నాయి.

ఆకాశాన్ని ఎలా రాయాలి?

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు జనం అరిష్టమని భయపడ్డారు. గురజాడ ‘ముత్యాల సరములు’లో ఆ తోకచుక్కకు భయపడలేదు, దాన్ని సంఘసంస్కరణకు సంకేతంగా తీసుకున్నాడు. ఆకాశంలోని వస్తువును శాస్త్రం తెలిసిన కంటితో చూసి, నేలమీది మనుషుల మార్పుతో ముడివేసిన మొదటి ఆధునిక తెలుగు కవి ఆయన. ఆ మార్గంలో మనం ఎంత దూరం వచ్చాం? ఆకాశం కనపడగానే మన కవిత్వానికి రెండే మనఃస్థితులు: పరవశం లేదా ప్రతీక. నక్షత్రం ఆశ, చీకటి దోపిడీ, ఉదయం విప్లవం. వీటితో పని జరిగిన రోజులున్నాయి. కాని ఇప్పటి ఆకాశంలో సాయంత్రం కదిలే చుక్కల్లో చాలా భాగం ఎవరి ఆస్తో, ఎవరి చెత్తో. వాటిని ఉత్త చుక్కలుగా రాసే కవి తెలియకుండానే యజమాని పేరు చెరిపేస్తున్నాడు.

‘రోదసి శకలం’ అనే మాటనే చూడండి. అందులో పాడుబడిన గుడి దగ్గర దొరికిన శిల్పపు ముక్కకుండే గౌరవం వుంది. ‘చెత్త’ అంటే ఆ గౌరవం పోతుంది. చెత్త అనగానే ‘ఎవరిది?’ అనే ప్రశ్న వెంట వస్తుంది. పరిభాషను నేను తోసిపుచ్చటం లేదు. శాస్త్రజ్ఞుడికి శకలం కావాలి, రచయితకు చెత్త కావాలి.

కథకులకు ఇక్కడ వస్తువు పుష్కలంగా వుంది. 1979 జూలైలో మేకల్ని చౌకగా కొన్నవాడెవడు, అమ్ముకున్నవాడు తెల్లారి ఎలా బతికాడు? అది నవ్వుకథ కాదు, వర్గకథ. దీవి విడిచిన యానాది కుటుంబం ఆకాశంలో లేచే మంటను దూరం నుంచి ఎలా చూస్తుంది? పేలిన ఉపగ్రహపు ముక్కల నుంచి దాక్కున్న మనిషి, పేల్చినవాడి దేశస్థుడి పక్కనే కూర్చుని ఏం మాట్లాడతాడు? వీటికి కల్పన కావాలి. అంతకన్నా ముందు సంగతులు తెలియాలి. ఎత్తూ వేగమూ తెలియకుండా రాసిన రోదసి కథ, వడ్డీ లెక్క తెలియకుండా రాసిన రైతు కథలాగే తేలిపోతుంది.

సాహిత్య విద్యార్థులకు ఒక చిన్న పని సూచిస్తాను. ఈసారి ఏ పత్రికలోనైనా ‘ఆకాశం నుంచి లోహపు గోళం పడింది’ అనే వార్త కనిపిస్తే ఆ క్రియను కొట్టేసి ‘పడేశారు’ అని రాయండి. వెంటనే వాక్యం కుంటుతుంది. బహువచనపు కర్త కావాలని అడుగుతుంది. ఏ దేశం, ఏ కంపెనీ, ఏ సంవత్సరం, ఏ అవసరం కోసం అని వెతకవలసి వస్తుంది. ఆ వెతుకులాటతోనే విమర్శ మొదలవుతుంది.